గంజి కాగిందాకా

నిన్న పొద్దున్నించి సంజీవమ్మ నోరు విప్పలేదు.

అలిగినవాళ్ళ మౌనం వేరు. అందులో గిన్నెలు మోగుతాయి, తలుపులు దడాలున పడతాయి. ఈమెది అలాంటిది కాదు. గిన్నె కింద పెడితే అలికిడి అవుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని దించుతోంది. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఉల్లిపాయలు ఎన్ని తరగాలో అడగడానికి కూడా వేళ్ళు చూపించింది.

సత్యలక్ష్మి తనూ రెండు వేళ్ళు చూపించి, నాకేమొచ్చింది నోటితో చెప్పడానికి, అని తన మీద తనే విసుక్కుంది.

శుక్రవారం. కువైట్‌లోని మహబూలాలో ఆ మేడలోని నాలుగంతస్తుల వాళ్ళూ ఇళ్ళల్లోనే ఉన్నారు. పక్క ఫ్లాట్లో మలయాళీలు కొబ్బరినూనెలో చేపలు వేయిస్తున్నారు. కింద మసీదులో జుమ్మా నమాజు కోసం ఎవరో మైకు సరిచేస్తున్నారు.

"సాయంత్రం లోపల వేరే చోటు చూసుకోమని చెప్పు," అన్నాడు సత్యప్రసాద్, హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చి.

సంజీవమ్మ అక్కడే, సింకు ముందే ఉంది. ఆమె లేనట్టే మాట్లాడాడు.

"ఎక్కడికెళ్తుందండీ ఇప్పటికిప్పుడు?"

"ఎక్కడికెళ్తే నాకెందుకు? ఆవిడ వీసా, ఇఖామా నా పేరు మీద ఉన్నాయా? హాలుకి చెక్క అడ్డం పెట్టి ఒక మూల అద్దెకిచ్చాం. అంతే సంబంధం. ఇలాంటి వీడియో ఫోన్లో ఉన్నా చాలు ఈ దేశంలో, పెట్టె సర్దుకోమంటారు. నిన్న అహ్మది బస్సులో వెనక సీటు వాళ్ళు పెట్టుకుని పగలబడి నవ్వుతున్నారు. ఆ గొంతు విని నా గుండె జారిపోయింది. రోజూ పొద్దున్నే మన వంటింట్లో వినిపించే గొంతే కదా అది!"

"కాస్త నెమ్మదిగా..."

"నేను నెమ్మదిగానే అంటున్నాను. ఊరందరూ గట్టిగా అంటున్నారు. బూతు సినిమాలు తీసేవాళ్ళ కథట, జపాన్ వాళ్ళది. దానికి తెలుగులో డబ్బింగు చెప్పిందిట ఈవిడ. ఎవడు చెప్పించాడు? ఎవడి గదిలో కూర్చుని చెప్పింది? అది అడుగు."

సింకులో నీళ్ళు ఆగాయి. సంజీవమ్మ వెనక్కి తిరగలేదు. ఆమె వీపు మాత్రం వింటోంది.

సత్యలక్ష్మి పొయ్యి మంట తగ్గించింది. తగ్గించాల్సిన పనేమీ లేదు.

ఎవడి గదిలోనూ కాదు. ఈ ఇంట్లోనే. పడగ్గదిలో బట్టల అలమారాలో. రెండు దుప్పట్లు, నాలుగు పట్టుచీరలు చుట్టూ వేలాడదీసి, మధ్యలో చిన్న మైకు తగిలించిన అలమారాలో. పిల్లల బొమ్మల కథలకి భార్య తెలుగు మాటలు రాసి హైదరాబాదు పంపిస్తోందని సత్యప్రసాద్‌కి తెలుసు. ఎలకలూ కుందేళ్ళూ మాట్లాడే కథలు. అవి అయిపోయి ఇది వచ్చిందని మాత్రం తెలియదు.

మొదట ఈ కథ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు సత్యలక్ష్మి కూడా ముక్కు మూసుకుంది. చూశాక, మూసుకున్న ముక్కుకి సిగ్గేసింది. అందులో బట్టలు విప్పడం ఎక్కడా చూపించరు. ఆ పని చేసి ఇంటికి పోయేవాళ్ళని చూపిస్తారు. నడుం నొప్పికి పట్టీ వేసుకునే పెద్దావిడ. కొడుకు బడిలో తండ్రుల సమావేశానికి ఏం ఉద్యోగమని చెప్పాలో తెలియని మగాడు. ఆడదానిలా బతకాలనుకునే మేకప్ మనిషి. వాళ్ళు ఒకరినొకరు ఆట పట్టించుకుంటారు, మనమూ వాళ్ళతో కలిసి నవ్వుతాం. వాళ్ళందరి దుప్పట్లు ఉతికే ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకతి ఉంది. ఆవిడని మాత్రం కథలో ఎవరూ నవ్వులాటకి కూడా ఏమీ అనరు. ఆవిడ మాట్లాడితే అందరూ ఆగి వింటారు.

"అదే ఇబ్బంది మేడం," అన్నాడు హైదరాబాదు నుంచి అబ్దుల్ ఖుద్దూస్. తెలుగు మాటల పని మొత్తం ఆయన చేతి మీదే నడుస్తుంది. "అందరూ మర్యాదస్తులే అయితే మనవాళ్ళకి నవ్వెక్కణ్ణించి వస్తుంది? జపాన్ వాళ్ళకి మామూలు తెలుగు పెట్టండి. ఆ బట్టలుతికే ఆవిడకి కడప యాస పెట్టండి. చూడండి ఎలా పేలుతుందో."

కోనసీమలో పుట్టిన సత్యలక్ష్మికి కడప యాస ఎక్కడిది? వంటింట్లో ఉంది.

"జపాన్‌లో బట్టలుతికే ఒకావిడ కథ సంజీవమ్మా. ఈ మాటలు మీ ఊళ్ళో ఎలా అంటారో అలా అనేసెయ్," అని అలమారాలో కూర్చోబెట్టింది. అబద్ధం చెప్పలేదు. నిజం సగం చెప్పింది. సంజీవమ్మ చీరల మధ్య పీట మీద కూర్చుని చిన్నపిల్లలా మురిసిపోయింది. "నా మాట జపానోళ్ళకు తెలుస్తాదా సత్యమ్మా?" అని అడిగింది. కొంచెం ఆగండి, అని ఉన్నచోట సత్యలక్ష్మి రాసిన మాట వదిలేసి, "గంజి కాగిందాకా గమ్మునుండు నాయనా" అంది. తనే పకపకా నవ్వింది. ఆ నవ్వూ మైకులో పడింది.

నమూనా కోసం పంపిన గొంతు అది. దాన్ని విని ఎవరో ఆర్టిస్టు మళ్ళీ చెప్పాలి. ఖుద్దూస్ దాన్నే వాడేశాడు. "ఇంత బాగున్న గొంతుని చెడగొట్టడం దేనికని మేడం," అని నిన్న మెసేజ్ పెట్టాడు. "మిగతా భాగాలకీ ఆవిడే కావాలి. ఈసారి ఇంకాస్త మోటుగా."

"ఏంటి, పలకవు?" అన్నాడు సత్యప్రసాద్.

"ఆయ్, చెప్తానండీ," అంది సత్యలక్ష్మి. ఏది చెప్తుందో ఆమెకే తెలియదు.

గుమ్మం బెల్లు మోగింది. మోగి ఆగలేదు.

*

రామాంజనేయులు చెప్పులు విప్పకుండానే హాల్లోకి వచ్చాడు. సంజీవమ్మ కొడుకు, అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మెకానిక్కు. శుక్రవారాలు అమ్మని చూడ్డానికి వచ్చినప్పుడల్లా చెప్పులు మెట్ల దగ్గరే విప్పి, సత్యప్రసాద్ కూర్చోమనేదాకా గోడకానుకుని నిలబడే మనిషి. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎన్నిసార్లు కడిగినా పోదని చేతులు వెనక్కి పెట్టుకునే మనిషి. ఇవాళ ఆ చేతిలో ఫోను ముందుకు చాపి ఉంది.

"యాడుంది?"

"రా బాబూ, కూర్చో," అన్నాడు సత్యప్రసాద్. గొంతులో ఇందాకటి వేడి లేదు. గుమ్మం అవతల, ఎదురింటి తలుపు సందులోంచి ఎవరో చూస్తున్నారు. ఆయన వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"కూకునేదానికి రాలే సార్. మాయమ్మ యాడుంది?"

సంజీవమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటోంది. చాలాసేపు తుడుచుకుంది.

రామాంజనేయులు ఆమె మొహం చూడలేదు. ఆమె కాళ్ళ దగ్గర గచ్చుని చూసి మాట్లాడాడు.

"మొన్న కారు కింద పండుకోని నట్లు బిగిస్తాండా. పైన యెవురో ఫోన్ పెట్టినారు. నీ మాట ఇనపడినాది. గంజి కాగిందాకా గమ్మునుండు నాయనా, అని. నేను ఏమనుకున్నానో తెల్సునా మా? నువ్వే వచ్చినావనుకున్నా. షెడ్డుకాడికి నన్ను జూసేదానికి వచ్చినావనుకోని, ఈపు గీసుకపోతాన్నా బయటికి దేకినా."

ఫోను తెర వాళ్ళ వైపు తిప్పాడు.

"బయటికొచ్చి జూస్తే నువ్వు లేవు. అందురూ ఫోన్ సుట్టూ చేరి నవ్వతాండారు. తువ్వాల సుట్టుకున్న మొగోడొకడు, వాని ముందర దుప్పట్లు మోసుకోని ఒక ఆడమనిషి. ఆ మనిషి నోట్లో నా చిన్నప్పటి మాట. కరీముల్లా అంటాడు, ఇది మీ అమ్మ గొంతు మాదిరుందే రాముడూ, జపాన్‌లో చేరిందా యేంది, అని. కొట్టబోయినా. ఏమని కొడ్తా? నాకూ అట్లనే ఇనపడ్తాంటే!"

సంజీవమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊర్లోంచి పెద్దన్న మామ ఫోన్ జేసినాడు. ఆ ఊసే ఎత్తలే. 'అమ్మ బాగుండాదా' అని అడిగి పెట్టేసినాడు. ఇన్నేండ్లలో యెప్పుడన్నా అడిగినాడా ఆ మనిషి, అమ్మ బాగుండాదా అని?"

"చూడు బాబూ..." సత్యప్రసాద్ అందుకోబోయాడు.

"ఆగండి సార్. మా ఇంటి సంగతి. మా, మాట్లాడు. యెవురు జెప్పిచ్చినారు? తెల్సే జెప్పినావా? లెక్క కోసమా? నేను సంపాదిస్తాండా కదా, చాల్లేదా? నోరిప్పు. ఫోన్లో అంత బాగా మాట్లాడ్తివే, కన్నకొడుకు ముందర పలకవా?"

సంజీవమ్మ కళ్ళెత్తింది. కొడుకు వైపు కాదు. సత్యలక్ష్మి వైపు.

అందులో కోపం ఉన్నా బాగుండేది. వేడుకోలు ఉన్నా బాగుండేది. బియ్యం ఎన్ని డబ్బాలు పోయమంటావని అడిగేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది. నువ్వు చెప్పు, నేను చేస్తాను, అన్నట్టు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. 'నేను, రామాంజనేయులూ. మీ అమ్మకేం తెలియదు. నా అలమారాలో, నా మైకులో, నేను చెప్పించాను.' మాటలన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. రోజూ ఇతరుల నోళ్ళకి మాటలు అమర్చే మనిషికి అదెంత పని?

"అదీ... రామాంజనేయులూ, అసలేమైందంటే..."

సత్యప్రసాద్ చటుక్కున తిరిగి చూశాడు. 'నీకేం తెలుసు?' అన్న చూపు.

"...ఎండన పడి వచ్చావు. టీ పెడతాను," అంది సత్యలక్ష్మి.

వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోసింది. తన చేతులు వణుకుతున్నాయా అని చూసుకుంది. వణకడం లేదు. అది చూసే ఆమెకి భయం వేసింది.

హాల్లో సత్యప్రసాద్ గొంతు సర్దుకుంటున్నాడు. ఆఫీసులో ఎవరి మీదకీ రాకుండా తగువు తీర్చేటప్పుడు అలా సర్దుకుంటాడు.

"రామాంజనేయులూ, నా మాట విను. పెద్దవాణ్ణి చెబుతున్నాను. అది మీ అమ్మ గొంతని నువ్వెందుకు అనుకోవాలి? మీ వైపు ఆడవాళ్ళు మాట్లాడితే అందరిదీ ఒక్కలాగే ఉంటుంది. నాకైతే తేడా తెలియదు. నాకే కాదు, ఎవరికీ తెలియదు. హైదరాబాదులో ఆర్టిస్టులుంటారు, నవ్వు కోసం మీ యాస నేర్చుకుని చెబుతారు. సినిమాల్లో చూడట్లేదా? రౌడీకీ మీ యాసే, పనిమనిషికీ మీ యాసే."

"మరి గంజి మాట?"

"కడపలో గంజి కాచేది మీ ఇంట్లో ఒక్కటేనా ఏంటయ్యా!" అని చిన్నగా నవ్వాడు కూడా.

టీపొడి డబ్బా పట్టుకుని సత్యలక్ష్మి ఆగిపోయింది. ఇంకొకప్పుడైతే ఆ మాటకి రామాంజనేయులు ముక్కుపుటాలు అదిరేవి. ఒకసారి కింద కొట్టువాడు ఇలాగే ఏదో వెక్కిరిస్తే కాలరు పట్టుకున్నాడు. ఇప్పుడు అతనేమంటాడోనని వింది.

"అంటే, వేరే యెవురో అంటారా సార్?" అన్నాడు.

మునిగిపోయేవాడికి ముళ్ళకంప దొరికినా పట్టుకుంటాడు. చేతులు చీరుకుపోతాయని చూసుకోడు.

"వేరే ఎవరో. ఖలాస్. ఊళ్ళో కూడా అలాగే చెప్పు."

"ఈమె జెప్పల్ల గదా." అతని మాటలో ఇందాకటి కోపం లేదు. బతిమాలుతున్నాడు. "మా. నువ్వు గాదని జెప్పు. నీ నోటితో ఒక్కసారి జెప్పు. నేను నమ్ముతా. పెద్దన్న మామకు నమ్మిస్తా. షెడ్డులో యెవురన్నా అంటే పండ్లు రాలగొడ్తా. నువ్వు నోరిప్పి, నేను గాదు నాయనా అను. అంతే."

సత్యలక్ష్మి టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చింది.

నోరు విప్పితే ఏం వస్తుందో అక్కడున్న నలుగురికీ తెలుసు. 'నేను గాదు నాయనా' అని సంజీవమ్మ అన్న మరుక్షణం, ఆ నాయనా అనే మాటలోనే ఫోన్లో గొంతు పట్టుబడిపోతుంది. కాదని చెప్పే మాటే అవునని సాక్ష్యం చెబుతుంది. అందుకే, వీడియో సంగతి తెలిసిన నిన్నటి నుంచి ఆమె పెదవులు బిగించుకుని బతికింది. పొద్దున తను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలు, మామా, పనికి రమ్మని ఫోన్ చేస్తే కూడా ఎత్తలేదు.

సంజీవమ్మ కొంగు భుజాన సర్దుకుంది. మెడ కొంచెం పక్కకి వాల్చింది. ఇంటికి ఎవరైనా వస్తే సత్యలక్ష్మి అలాగే వాలుస్తుంది.

"ఆయ్, నేను కాదండీ," అంది.

సత్యలక్ష్మి కప్పుల పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"మీరు పొరబడ్డారు బాబూ. నాకేం తెలుస్తాయండీ అవన్నీ? కూర్చోండి మరి. ఎండన పడి వచ్చారు. ఇంత టీ తాగి వెళ్దురు గాని."

ఒక్క అక్షరం తడబడలేదు. ఒత్తులు సరిగ్గా పలికాయి. సాగదీయాల్సిన చోట గోదావరి సాగింది. రెండేళ్ళు ఒకే వంటింట్లో ఆమె సత్యలక్ష్మి మాటలు వింటూనే ఉంది కదా. అడగలేదు, చెప్పించుకోలేదు. ఊరికే విని దాచిపెట్టుకుంది.

రామాంజనేయులు ఒక అడుగు వెనక్కి వేశాడు. కన్నతల్లి తనని బాబూ అనీ మీరు అనీ పిలవడం అతని చెవికి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. పెదవులు కదిలాయి. ఏడుస్తాడేమోననిపించింది.

"ఇంగోసారి అను," అన్నాడు.

"నేను కాదండీ బాబూ."

అతను చేతిలో ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. గ్రీజు చారలు కణతల మీద మిగిలాయి.

"సరే," అన్నాడు చివరికి. "బాగుంది. ఇంగ ఇట్లనే మాట్లాడు. మామతో ఫోన్లో ఇట్లనే. ఊరికి పోయినా ఇట్లనే. కువైట్‌లో యేండ్లనించి ఉండి మాట మారిందని చెప్తా. ఆ పాత మాట యెవురి ముందరా యెత్తొద్దు మా." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "నా ముందర గూడా."

"అలాగేనండీ," అంది సంజీవమ్మ.

సత్యప్రసాద్ బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. ఇంత చిన్న విషయానికి ఎంత రాద్ధాంతం చేశావయ్యా! పద, కిందదాకా వస్తాను. యల్లా, నమాజు అయ్యేలోపు నాకు పెరుగు కూడా తేవాలి." అతని భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, భార్యతో మెల్లిగా అన్నాడు. "ఉండనీలే. వెళ్ళమనక్కర్లేదు. భలే మాట్లాడింది, అచ్చు నీలాగే!"

తలుపు చేరవేసిన చప్పుడైంది.

రెండు కప్పుల టీ బల్ల మీద మిగిలింది. కింద మసీదులో జనం బారులు తీరుతున్న సందడి. సంజీవమ్మ చీపురు తీసుకుని, కొడుకు చెప్పుల నుంచి రాలిన మట్టి ఊడ్వసాగింది.

"సంజీవమ్మా."

ఊడుస్తూనే ఉంది.

"వెళ్ళిపోయారు. ఇంక ఎవరూ లేరు. తిట్టు. నా మొహం మీద ఉమ్మెయ్. నీ నోటికొచ్చినట్టు, నీ మాటల్లో తిట్టు నన్ను."

"అబ్బెబ్బే, అవేం మాటలండీ," అంది సంజీవమ్మ. "టీ చల్లారిపోతుంది. తీసుకోండి."

తన గొంతు ఎదుటి మనిషి నోట్లోంచి అంత మర్యాదగా వినిపిస్తుంటే సత్యలక్ష్మి భరించలేకపోయింది. రెండడుగుల్లో వెళ్ళి ఆమె చేతిలో చీపురు లాక్కుంది.

"ఆ నాటకం ఆపు! నువ్వు చేసింది ఏముంది? మైకు పెట్టింది నేను. అదేం కథో నీకు చెప్పకుండా అలమారాలో కూర్చోబెట్టింది నేను. గంజి మాట తీసెయ్యకుండా ఉంచింది నేను. నవ్వొచ్చింది కాబట్టి ఉంచాను. వింటున్నావా? వాడి చిన్నప్పటి మాటని నేను అమ్ముకున్నాను!"

సంజీవమ్మ ఆమె మొహం చూడటం లేదు. ఆమె భుజం మీదుగా, చేరవేసిన తలుపు వైపు చూస్తోంది. ఆ తలుపు ఇప్పుడు తెరిచి ఉంది.

మెడ మెల్లిగా పక్కకి వాలింది.

"ఫోను మరిచిపోయినట్టున్నారు బాబూ," అంది సంజీవమ్మ. "అదిగోండి, బల్ల మీద ఉంది."